‘ఇంకెంత దూరం నాన్నా?’

పిల్లల్ని పార్కుకు తీసుకెళ్లడమంటే... ఒకరోజు సెలవు, రెండు సంచుల సద్ది, మూడు జతల బట్టలు, నాలుగు వాంతులు! ఇంటికొచ్చాక ‘ఇక జన్మలో వెళ్లం’ అని ఒట్టు. వచ్చే ఏడాది మళ్లీ అదే బస్టాండు, అదే బస్సు. నల్గొండ నుంచి, పాలమూరు నుంచి ఏటా బయల్దేరే అమ్మానాన్నల కష్టసుఖాలే ఇవి. చదువుతుంటే మీ ఇల్లే గుర్తొస్తే... తప్పు మీది కాదు!

శనివారం రాత్రి పది గంటలు. ‘‘పొద్దుగాల అయిదింటికల్లా బస్టాండ్ల ఉండాలె. లేవనోళ్లను ఇడిసిపెట్టి పోత’’ అని నాన్న హుకుం జారీ చేస్తాడు. తెల్లారాక అందరికంటే ఆఖరున లేచేది ఆయనే. అప్పటికి అమ్మ మూడింటికే లేచి పులిహోర కలిపేసి ఉంటుంది. చపాతీలు చుట్టేసి ఉంటుంది. నాయనమ్మ తలకు నూనె రాసుకుని, కొత్తచీర కట్టుకుని, సంచీ ఒళ్లో పెట్టుకుని గుమ్మంలో కూర్చుని ఉంటుంది. రాత్రంతా నిద్రపోకుండా ‘తెల్లారిందా?’ అని అరగంటకోసారి అడిగిన పిల్లాడు సరిగ్గా బయల్దేరే సమయానికి ఆదమరిచి నిద్రపోతుంటాడు. వాణ్ని బుజ్జిగాడు అనుకుందాం. ఆ పేరుతో ఒక్కరైనా లేని వీధి తెలుగునాట ఉండదు కదా!

అయిదింటికి అనుకున్న ప్రయాణం ఎనిమిదింటికి మొదలవుతుంది. నల్గొండ నుంచైనా, మహబూబ్‌నగర్ నుంచైనా హైదరాబాద్ వంద కిలోమీటర్లు అటూ ఇటూ. రెండు ఊళ్లకూ చెరోవైపు సరదాల ద్వారాలున్నాయి. విజయవాడ హైవే మీద నల్గొండ వాళ్లకు నగరంకంటే ముందే రామోజీ ఫిల్మ్ సిటీ తగులుతుంది. 1996లో మొదలైన ఈ సినిమా నగరం ప్రపంచంలోనే పెద్ద స్టూడియోగా గిన్నిస్‌కెక్కింది. బెంగళూరు హైవే మీదుగా వచ్చే పాలమూరు వాళ్లకు అవుటర్ రింగ్‌రోడ్డు పట్టుకుంటే రావిర్యాల దగ్గర వండర్‌లా వస్తుంది. అది 2016 ఏప్రిల్‌లో తెరుచుకుంది. నగరం లోపలికెళ్తే 1963 నుంచీ ఉన్న జూపార్కు, 2004లో వచ్చిన స్నోవరల్డ్... దేనికెళ్లినా దారిలో జరిగే కథ మాత్రం ఒక్కటే.

అయిదేళ్లే... అయినా సెకండ్ క్లాసు!

కథలో మొదటి ఘట్టం బస్సు టికెట్టు. తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు ప్రయాణం ఉచితం. అందుకని నాయనమ్మకు జీరో టికెట్, అమ్మకు జీరో టికెట్, పాపకు జీరో టికెట్. అయిదుగురి కుటుంబంలో డబ్బులు పెట్టాల్సింది నాన్న ఒక్కడే. మరి బుజ్జిగాడు? ‘‘వీనికింక అయిదు నిండలే’’ అంటాడు నాన్న, వాణ్ని ఒళ్లోకి లాక్కుంటూ. కాళ్లు నేలకు తగులుతున్న ఆ పసివాణ్ని కండక్టర్ ఎగాదిగా చూస్తాడు. ‘‘ఏం చదువుతున్నవ్ బిడ్డా?’’ అని ప్రేమగా అడుగుతాడు. బుజ్జిగాడు ఛాతీ విరిచి చెబుతాడు: ‘‘సెకండ్ క్లాస్! మా టీచర్ నన్ను లీడర్ని చేసింది!’’

బస్సంతా నవ్వుతుంది. నాన్న కిటికీలోంచి పొలాలు చూస్తూ హాఫ్ టికెట్ తీసుకుంటాడు. అబద్ధం చెప్పొద్దని రోజూ నేర్పేది మనమే. సరిగ్గా మనకు అవసరమైనప్పుడే వాళ్లు ఆ పాఠం అప్పజెబుతారు.

రెండో ఘట్టం వాంతులు. చిట్యాల రాకముందే ఒకటి, చౌటుప్పల్ దగ్గర రెండోది. పాలమూరు బస్సయితే జడ్చర్ల, షాద్‌నగర్. సీసాలో నీళ్లు అయిపోతాయి. కవర్లు నిండుకుంటాయి. పక్కసీటు పెద్దాయన తెల్లపంచె మీద మరక పడుతుంది. నాయనమ్మ నిమ్మకాయ తీసి మనవడి ముక్కు దగ్గర పెడుతుంది. ‘పొద్దున్నే ఆ పాలు తాగించకంటే విన్నవా?’ అని కోడలి మీద ఒక విసురు.

నిజానికి తప్పు పాలది ఒక్కటే కాదు. బస్సు కుదుపును చెవి లోపలి భాగం పసిగడుతుంది. అదే సమయంలో కళ్లు ఫోన్లోని బొమ్మల మీదుంటే, ‘కదలట్లేదు’ అని మెదడుకు చెబుతాయి. ఇద్దరు సాక్షులు చెరో మాట చెబితే జడ్జికి కళ్లు తిరిగినట్టు మెదడు గందరగోళపడుతుంది. దాని ఫలితమే వాంతి. రెండేళ్ల నుంచి పన్నెండేళ్ల మధ్య పిల్లల్లో ఈ బాధ ఎక్కువ. ఫోను లాక్కుని, కిటికీ పక్కన కూర్చోబెట్టి, దూరంగా ఉన్న గుట్టల్ని చూపిస్తే సగం తగ్గుతుంది. నల్గొండ దారిలో గుట్టలకు కొదవా!

ఇక మూడో ఘట్టం ప్రశ్న. ‘‘ఇంకెంత దూరం నాన్నా?’’ వంద కిలోమీటర్లలో ఈ ప్రశ్న కనీసం వందసార్లు వస్తుంది. మొదటి పదిసార్లూ జవాబు ‘అదిగో వచ్చేసింది’. తర్వాత పదిసార్లూ ‘పండుకో’. ఆ తర్వాత జవాబుండదు, చూపే!

బెంచీ మీద పుట్టిన ఆలోచన

ఇంతకీ ఈ థీమ్‌పార్కుల గోల ఎక్కడ మొదలైంది? అదీ ఒక నాన్న విసుగులోంచే! వాల్ట్ డిస్నీకి ఇద్దరు కూతుళ్లు. వాళ్లను లాస్‌ఏంజెలెస్‌లోని గ్రిఫిత్ పార్కులో రంగులరాట్నం ఎక్కించి, తాను బెంచీ మీద కూర్చుని పల్లీలు నములుతూ ఉండేవాడట. పిల్లలు ఆడుకుంటుంటే పెద్దాళ్లు ఊరికే కూర్చోవాలా, ఇద్దరూ కలిసి ఆనందించే చోటు ఒకటుంటే ఎంత బాగుంటుంది... అన్న ఆలోచన అక్కడే మొలకెత్తిందని ఆయనే చెప్పుకున్నాడు. అదే 1955 జులై 17న డిస్నీలాండ్‌గా తెరుచుకుంది.

ఆ మొదటిరోజు ఎలా గడిచిందో తెలుసా? దొంగ టికెట్లతో జనం పోటెత్తారు. ఎండకు కొత్తగా వేసిన తారు మెత్తబడి ఆడవాళ్ల మడమచెప్పులు కూరుకుపోయాయి. ప్లంబర్ల సమ్మె వల్ల తాగునీటి కుళాయిలైనా పనిచేయాలి, మరుగుదొడ్లయినా పనిచేయాలి అన్న పరిస్థితి వచ్చింది. డిస్నీ మరుగుదొడ్లనే ఎంచుకున్నాడు. పిల్లలున్న ఇంటివాడు కదా, ఏది ముఖ్యమో తెలుసు! ఆ రోజును ఆ సంస్థవాళ్లే చాలాకాలం ‘బ్లాక్ సండే’ అని చెప్పుకున్నారు. అంటే ప్రపంచంలో మొట్టమొదటి పెద్ద థీమ్‌పార్కు కథే అవాంతరంతో మొదలైందన్నమాట. మన బుజ్జిగాడి వాంతి దాని ముందు ఎంత!

అదే ఏడాది, 1955 డిసెంబరు 10న, ఇక్కడ కృష్ణానది మీద నాగార్జునసాగర్‌కు జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేశారు. అప్పుడెవరూ దాన్ని పిక్నిక్ స్పాట్ అనుకోలేదు. నల్గొండ పిల్లలకు అదే డిస్నీలాండ్ అయింది!

దేవుడి చెప్పులు, బుజ్జిగాడి చెప్పు

టికెట్టు కొని లోపలికెళ్లే పార్కులు నిన్నగాక మొన్న వచ్చాయి. అంతకుముందు ఈ ప్రాంతంలో పిల్లల పండుగంటే జాతరే. సూర్యాపేట దగ్గర దురాజ్‌పల్లి గుట్ట మీద రెండేళ్లకోసారి లింగమంతుల స్వామి పెద్దగట్టు జాతర. నార్కట్‌పల్లి దగ్గర చెర్వుగట్టు జాతర. దీపావళి తర్వాత పాలమూరులో కురుమూర్తి జాతర. దేవుడి దర్శనం పెద్దలకు... రంగులరాట్నం, జెయింట్‌వీల్, పీకబూర, రంగుసోడా పిల్లలకు.

కురుమూర్తిలో ఉద్దాల ఉత్సవం ప్రత్యేకం. ఉద్దాలంటే స్వామివారి పాదుకలు. తోలుతో కుట్టిన ఆ పాదుకల్ని ఊరేగింపుగా తెస్తారు. దేవుడి చెప్పుల కోసం ఊళ్లకు ఊళ్లు కదిలొచ్చే ఆ జాతరలో బుజ్జిగాడి ఎడమకాలి చెప్పు పోతుంది! ఎక్కడ పోయిందిరా అంటే, ‘‘అది ఆడనే ఉన్నది, నేనే ఇటొచ్చిన’’ అంటాడు. తాత వాణ్ని భుజాల మీదికెక్కించుకుంటాడు. ఒకే చెప్పుతో ఆ భుజాల మీద నుంచి చూసిన జాతర, వాడు తాత అయ్యేదాకా గుర్తుంటుంది.

ఈ జాతరల వెనక ఇంకో సంగతి ఉంది. పాలమూరు లేబర్ అంటే దేశంలో డ్యాములు, కాలువలు కట్టే చోటల్లా తెలిసిన పేరు. బతుకుదెరువుకు బొంబాయికి, పుణెకు వలసపోయిన అమ్మానాన్నలు, నాయనమ్మ దగ్గరో అమ్మమ్మ దగ్గరో పెరిగే పిల్లలు... ఆ ఇళ్లలో జాతరంటే అమ్మానాన్నలు ఊరొచ్చే రోజు. థీమ్‌పార్కులో ఒక్కరి టికెట్టు ఇప్పటికీ ఎందరికో కొన్ని రోజుల కూలీ. జాతరలో మాత్రం చేతిలో ఉన్నంతలో సరదా దొరుకుతుంది. అమ్మ చెయ్యి పట్టుకుని తిరగడానికి టికెట్టేమీ లేదు కదా. అలాంటి పిల్లలకు జాతర అయిపోవడమంటే రాట్నం ఆగిపోవడం ఒక్కటే కాదు.

వంగో... నిక్కో!

సరే, మళ్లీ మన కుటుంబం దగ్గరికొద్దాం. పార్కు గేటు దగ్గరికి చేరేసరికి పదకొండు. అక్కడో చిత్రమైన నాటకం. చాలా పార్కుల్లో పిల్లల టికెట్టుకు వయసు కాదు, ఎత్తు లెక్క. గోడ మీద జిరాఫీ బొమ్మ, పక్కన సెంటీమీటర్ల గీతలు. బస్సులో దెబ్బతిన్న నాన్న ఇక్కడ తెలివి ప్రదర్శిస్తాడు. ‘‘అరేయ్, జర వంగి నిలబడు’’ అని చెవిలో చెబుతాడు. వాడు మోకాళ్లు ముడిచి, నడుం వంచి, మెడ భుజాల్లోకి దూర్చి తాబేలులా నిలబడతాడు. టికెట్టు తగ్గుతుంది. నాన్న గెలిచాడు!

గంట తర్వాత రోలర్‌కోస్టర్ దగ్గర మళ్లీ అదే జిరాఫీ. ఈసారి గీతకంటే పొట్టిగా ఉంటే లోపలికి రానివ్వరు. ‘‘అరేయ్, జర నిక్కి నిలబడు!’’ బుజ్జిగాడు అయోమయంగా చూస్తాడు. ‘‘పొద్దుగాల వంగుమన్నవ్ కద నాయినా?’’ అని అందరికీ వినబడేట్టు అడుగుతాడు. గేటు దగ్గరి కుర్రాడు నవ్వాపుకోలేక తల తిప్పుకుంటాడు.

ఇది నవ్వుకునే సంగతే కానీ, ఆ గీత మాత్రం నవ్వులాట కాదు. రైడ్ సీట్లు, వాటి మీదికి దిగే కడ్డీలు ఒక కొలతలో ఉన్న శరీరానికి తయారుచేస్తారు. పిల్లాడు అంతకంటే చిన్నవాడైతే కడ్డీకీ ఒంటికీ మధ్య ఖాళీ మిగులుతుంది. బండి ఒక్కసారిగా కిందికి దిగినప్పుడు, వంపు తిరిగినప్పుడు ఆ ఖాళీలోంచి జారిపోయే ప్రమాదం ఉంది. ఒకే కడ్డీ ఇద్దరికీ కలిపి దిగే రైడ్లలో ఇంకో చిక్కు. కడ్డీ నాన్న పొట్ట దగ్గర ఆగిపోతుంది, పక్కనున్న పిల్లాడి దగ్గర జానెడు సందు ఉండిపోతుంది. పొట్ట నాన్నది, ముప్పు పిల్లాడిది! కాబట్టి సెంటీమీటరు తక్కువైందని గేటు దగ్గర బతిమాలడం, గదమాయించడం, మునివేళ్ల మీద నిలబెట్టడం... ఏదీ మంచిది కాదు. ‘వచ్చే ఏడాది ఎక్కుదువులే’ అన్న మాట పిల్లల్ని ఏడిపిస్తుంది, నిజమే. ఆ ఏడుపు ఐస్‌క్రీమ్ వచ్చేదాకానే.

జాతరల్లో జెయింట్‌వీల్ దగ్గర ఈ జిరాఫీ బొమ్మ ఉండదు. అక్కడ కొలిచేది అమ్మానాన్నల కళ్లే. గొలుసు సరిగ్గా పెట్టారా, తలుపు గడియ పడిందా, తొట్టి ఊగుతోందా అని చూసుకోవాల్సింది వాళ్లే.

నీళ్లలో దిగిన నాన్న

ఇక నీళ్ల ఆటలు. అసలు తమాషా ఇక్కడే. చీరలతో, నూలు బట్టలతో కొలనులో దిగనివ్వరు. నూలు నీళ్లు పీల్చి బరువెక్కుతుంది, వదులు బట్టలు జారుడుబల్లల్లో చిక్కుకుంటాయి. అందుకే నైలాన్ దుస్తులు. తెచ్చుకోనివాళ్లకు అద్దెకిచ్చే కౌంటరు ఉంటుంది. జీవితంలో ఏనాడూ మోకాలి పైకి బట్ట కట్టని నాన్న, పూలపూల పొట్టినిక్కరులో బయటికొస్తాడు. చిన్నది ‘‘ఈ అంకుల్ ఎవరమ్మా?’’ అని అడుగుతుంది. అమ్మ నవ్వు ఆపుకోవడానికి కొంగు వెతుక్కుంటుంది. ఆమె కూడా అద్దె బట్టల్లోనే ఉందని అప్పుడు గుర్తొస్తుంది!

అలల కొలనులో మొదటి అల రాగానే నాన్న కళ్లద్దాలు మాయం. రెండో అలకు, జేబులో ఫోనుందని గుర్తొస్తుంది. ఆ తర్వాత వారమంతా ఆ ఫోను బియ్యం డబ్బాలో ఉంటుంది. బియ్యంలో పెడితే ఫోను బాగుపడుతుందన్నది మనందరి నమ్మకం. అలా పెట్టొద్దు, బియ్యపు రేణువులు లోపలికి దూరి ఇంకా పాడవుతుందని 2024లో యాపిల్ కంపెనీయే చెప్పింది. ఆ మాట నాయనమ్మ ముందు చెప్పే ధైర్యం ఎవరికుంది?

నాయనమ్మ గట్టు మీద కూర్చుని సంచులకు కాపలా. చూసేవాళ్లకు జాలి కలుగుతుంది. నిజానికి ఆ రోజు ఆ ఇంట్లో అతి ముఖ్యమైన పని చేస్తున్నది ఆవిడే. నీళ్లలో ప్రమాదం సినిమాల్లోలా కేకలు పెట్టుకుంటూ రాదు. మునిగే పిల్లాడు చేతులూపుతూ అరవలేడు, ఊపిరి తీసుకోవడానికే వాడి శక్తి చాలదు. చుట్టూ వందమంది ఉండగానే, చప్పుడు లేకుండానే జరిగిపోతుంది. కాబట్టి ఫోను చూడకుండా, కబుర్లు చెప్పకుండా, పిల్లల మీదే కళ్లు పెట్టి ఒక్క మనిషి గట్టు మీద ఉండాలి. అద్దె నిక్కరు లేకపోయినా, ఆ ఉద్యోగానికి నాయనమ్మను మించినవారు లేరు.

తప్పిపోయింది ఎవరు?

మధ్యాహ్నం మూడింటికి గుండె ఆగే క్షణం. ‘‘బుజ్జిగాడేడీ?’’ నీ దగ్గరున్నాడనుకున్నానని నాన్న, నీ వెంట వచ్చాడనుకున్నానని అమ్మ. ఇద్దరూ చెరో దిక్కు పరుగు. చిన్నదాని చెయ్యి ఎవరూ వదలరు, అదొక్కటే నయం. అప్పటిదాకా ఉన్న నవ్వులన్నీ ఎగిరిపోతాయి. ఎర్రచొక్కా కనబడితే చాలు, వాడేనని పరిగెత్తి, కాదని తెలిసి కూలబడిపోతారు. ఆ పదినిమిషాలూ ఏ రోలర్‌కోస్టర్‌కూ తీసిపోవు. అది దిగడానికి మాత్రం వీల్లేదు.

అంతలో మైకులో ప్రకటన. పరుగెత్తుకెళితే, ఆఫీసు గదిలో కుర్చీ మీద కాళ్లూపుకుంటూ, ఎవరో ఇచ్చిన బిస్కెట్ తింటూ బుజ్జిగాడు! అమ్మానాన్నల్ని చూడగానే కోపంగా లేస్తాడు. ‘‘యాడికి పోయిన్రు? మీరు తప్పిపోయిన్రని నేనే చెప్పిన!’’

అమ్మ ముందు వీపు మీద ఒకటేసి, ఆ వెంటనే గుండెలకు హత్తుకుని ఏడుస్తుంది. ఆ రెండూ ఒకే ప్రేమ అని వాడికి అప్పుడు తెలియదు. ఇంత ఆలస్యమెందుకైందని సిబ్బందిని అడిగితే అసలు విషయం బయటపడుతుంది. మీ నాన్న పేరేంటి బాబూ అంటే ‘ఏమండీ’ అన్నాడట. అమ్మ పేరో? ‘ఏమే!’

వాడి తప్పేముంది! ఇంట్లో వినబడే పేర్లవే. అందుకే బయల్దేరేముందు పిల్లలకు అమ్మానాన్నల అసలు పేర్లు, ఊరి పేరు, ఒక ఫోను నంబరు కంఠతా రావాలి. చిన్నపిల్లలైతే నంబరును చేతి మీద పెన్నుతో రాయాలి. తప్పిపోతే ఎటూ పరిగెత్తకుండా ఉన్నచోటే నిలబడాలని, యూనిఫాంలో ఉన్నవాళ్లకో, పిల్లలతో ఉన్న మరో అమ్మకో చెప్పాలని ముందే నేర్పాలి. పొద్దున్నే గేటు దగ్గర పిల్లలకు ఒక ఫొటో తీసి పెట్టుకోవాలి. ఆ రోజు వేసుకున్న బట్టలు కంగారులో తల్లికి కూడా గుర్తురావు. జాతరల్లో, బస్టాండుల్లో తప్పిపోతే పోలీసులకు 112, పిల్లల సహాయానికి 1098... రెండూ ఫోన్లో ఉండాలి.

రెండు పిల్లలమర్రులు

థీమ్‌పార్కు దాకా వెళ్లలేనివాళ్లకు పాలమూరులో ప్రకృతే ఒక పార్కు కట్టిపెట్టింది. మహబూబ్‌నగర్ పక్కనే ఉన్న పిల్లలమర్రి. సుమారు ఏడు వందల ఏళ్ల వయసు, మూడెకరాల మేర పరుచుకున్న ఊడలు. ఏది మొదలో, ఏది పిల్లో తెలియని చెట్టది. తరతరాల పిల్లలు దాని ఊడలు పట్టుకుని ఊగారు, కొమ్మలెక్కారు. వాళ్ల నాన్నలు బెరడు మీద పేర్లు చెక్కారు.

ఆ ప్రేమే దానికి బరువైంది. దానికి చెదలూ తోడయ్యాయి. 2017 డిసెంబరులో పెద్దకొమ్మ విరిగిపడింది. సందర్శకుల్ని ఆపేశారు. 2018లో ఆ చెట్టుకు చేసిన వైద్యం దేశమంతా వార్తయింది. ఆసుపత్రిలో రోగికి పెట్టినట్టే కొమ్మలకు వందల సెలైన్ సీసాలు వేలాడదీసి, చెదలమందును చుక్కచుక్కగా లోపలికి ఎక్కించారు. బరువైన కొమ్మలకు దిమ్మెలు కట్టి ఆసరా ఇచ్చారు. కొత్త ఊడలు నేలకు దిగేదాకా గొట్టాల్లో పెట్టి కాపాడారు. చెట్టు తేరుకుంది. 2025 మేలో మిస్ వరల్డ్ పోటీలకొచ్చిన అందగత్తెలూ దాన్ని చూడటానికొచ్చారు.

ఇప్పటి పిల్లలు ఆ ఊడలు పట్టుకుని ఊగకూడదు. ‘‘నువ్వు ఊగినవ్ కద నాయినా, నేనెందుకు ఊగొద్దు?’’ అన్న ప్రశ్నకు నాన్న జవాబు సిద్ధం చేసుకోవాలి. ‘మేం ఊగినందుకే బిడ్డా’ అన్నదే నిజమైన జవాబు.

ఇక్కడ ఇంకో చిక్కుంది. పిల్లలమర్రి పేరుతో రెండు చోట్లున్నాయి! సూర్యాపేట దగ్గరున్న పిల్లలమర్రి ఒక ఊరు. కాకతీయుల కాలంలో రేచర్ల రెడ్లు కట్టించిన గుళ్లకు ప్రసిద్ధి. రెంటికీ మధ్య దగ్గర దగ్గర రెండొందల కిలోమీటర్లు. ఫోన్లో పేరు కొట్టి, మొదటొచ్చినదాన్ని నొక్కి, పాటలు వింటూ వెళ్లిపోతే... చెట్టు కోసం బయల్దేరినవాళ్లు గుడి ముందు దిగుతారు. అప్పుడు పిల్లలకు ‘ఇదే మర్రిచెట్టు, రాయైపోయింది’ అని చెప్పాల్సి వస్తుంది. జిల్లా పేరు చూసుకుని నొక్కడం మేలు. పొరపాటున వెళ్లినా బాధపడక్కర్లేదు. ఆ నల్లరాతి స్తంభాల నునుపును చేత్తో తాకితే పిల్లలకు అదీ ఒక వింతే.

గేట్లెత్తిండ్రంట!

వానాకాలంలో ఈ ఒక్కమాట చాలు, నల్గొండ జిల్లాలో సగం బళ్లు సాగర్ దారి పడతాయి. ఇరవై ఆరు గేట్లు. అన్నీ లేచినరోజు ఆ హోరు, ఆ తుంపర... ఏ వాటర్‌పార్కు ఇవ్వగలదు! దారిలో ట్రాఫిక్‌లో మూడు గంటలు. డ్యామ్ దగ్గరికొచ్చేసరికి బుజ్జిగాడు గాఢనిద్ర. లేపితే లేవడు. భుజాన వేసుకుని చూపిస్తే కళ్లు తెరవడు. అందరూ చూసి, మొక్కజొన్న కంకులు తిని, తిరిగి ఇంటి గుమ్మం తొక్కగానే లేచి కూర్చుంటాడు. ‘‘సాగర్ వచ్చిందా?’’

నిద్రపోని పిల్లలుంటే వాళ్లకు చెప్పడానికి సాగర్ దగ్గర బోలెడు కథలున్నాయి. ఇది రాతికట్టడం. వేలమంది కూలీల రెక్కల కష్టం. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదిలారు. ఆ నీళ్ల కింద ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఉంది. మునిగిపోయేముందు తవ్వి తీసినవాటిని నాగార్జునకొండ ద్వీపంలో, అవతలి ఒడ్డున అనుపులో భద్రపరిచారు. అనుపులో తిరిగి నిలబెట్టిన వాటిలో మెట్లుమెట్లుగా కూర్చునే ఒక రంగస్థలం ఉంది. అంటే పదిహేడు వందల ఏళ్ల కింద కూడా ఈ కృష్ణ ఒడ్డున అమ్మానాన్నలు పిల్లల్ని వేడుక చూడటానికి తీసుకొచ్చారన్నమాట. ‘ఇంకెంత సేపు?’ అని విసిగించిన పిల్లలూ ఆ మెట్ల మీద ఉండే ఉంటారు. ఆ పక్కనే పిల్లల్ని కాపాడే తల్లి హారీతి గుడి కూడా ఉంది మరి! 2022 మేలో తెరిచిన బుద్ధవనం ఇటువైపు ఉంది. పిల్లలు పరిగెత్తడానికి కావలసినంత చోటు.

పాలమూరువైపు వాళ్లకు వనపర్తి జిల్లాలో సరళాసాగర్ ఉంది. 1959లో పూర్తయిన ఈ ప్రాజెక్టులో గేట్లెత్తే మనిషి ఉండడు. నీళ్లు ఒక మట్టానికి చేరగానే సైఫన్లు వాటంతటవే తెరుచుకుని దూకుతాయి. ‘ఎవరెత్తిండ్రు నాయినా?’ అన్న ప్రశ్నకు ‘నీళ్లే ఎత్తుకున్నయి’ అని చెప్పే అవకాశం రోజూ రాదు. 2019 డిసెంబరు 31న దాని కట్ట తెగింది కూడా. నీళ్లు ఎంత అందమో అంత బలమని పిల్లలకు చెప్పడానికి అంతకంటే పాఠం అక్కర్లేదు. అందుకే గేట్లెత్తినప్పుడు నదిలోకి దిగడం, జారే రాళ్ల మీద సెల్ఫీలు... వద్దంటే వద్దు.

పిల్లలకు గుర్తుండేది

రాత్రి పదింటికి ఇల్లు చేరతారు. చిన్నది అమ్మ భుజం మీద, బుజ్జిగాడు నాన్న భుజం మీద. సంచుల్లో తడిబట్టలు, ఖాళీ డబ్బాలు, ఒంటరి చెప్పు. లెక్కేసుకుంటే ఖర్చు అనుకున్నదానికి రెట్టింపు. ‘ఇంత చేస్తే వీళ్లకు ఏం గుర్తుంటది?’ అని నాన్న నిట్టూరుస్తాడు.

నిట్టూర్పులో కొంత నిజముంది. మూడు, మూడున్నరేళ్ల లోపు జరిగినవి పెద్దయ్యాక దాదాపు ఎవరికీ గుర్తుండవని మనస్తత్వ శాస్త్రం చెబుతోంది. చిన్నదానికి ఈ రోజు మిగలదు. అది అమ్మానాన్నలకు మిగిలే రోజు. కాస్త పెద్ద పిల్లల సంగతి వేరు. నోబెల్ బహుమతి అందుకున్న డేనియల్ కానమన్ అనే శాస్త్రవేత్త ఒక మాట చెప్పారు. ఏ అనుభవాన్నయినా మనం నిమిషాల లెక్కన గుర్తుపెట్టుకోం. అందులో అత్యంత గాఢమైన క్షణం, చివరి క్షణం... ఆ రెండే మనసులో నిలుస్తాయి. అంటే, టికెట్టు డబ్బులు రాబట్టాలని పిల్లలు సొమ్మసిల్లేదాకా అన్ని రైడ్లూ ఎక్కించి, చివరికి బస్టాండులో తిట్టి కొడితే, వాళ్లకు గుర్తుండేది ఆ దెబ్బే. ఓ రెండు రైడ్లు తగ్గినా ఫర్వాలేదు. ఇంటికొచ్చే దారి నవ్వుతూ ఉండాలి.

సోమవారం స్కూల్లో టీచరు అడుగుతుంది, నిన్న ఎక్కడికెళ్లారని. వేలు పోసి ఎక్కించిన రోలర్‌కోస్టర్ గురించి బుజ్జిగాడు ఒక్కమాటా చెప్పడు. ‘‘మా నాయిన పూల నిక్కరేసుకున్నడు టీచర్! మా అమ్మ తప్పిపోయింది, నేనే దొరకబట్టిన. బస్సుల మా నాయనమ్మ నాకు నిమ్మకాయ వాసన చూపించింది. వచ్చేటప్పుడు నాయిన నన్ను ఎత్తుకున్నడు. నేను నిద్రపోలే, ఊకెనే కండ్లు మూసుకున్న!’’

ఎందుకురా అలా అంటే, వాడి జవాబు: ‘‘నిద్రలేస్తే దించుతడు కద!’’